ఆ పదకొండు ఇళ్ల లెక్కకు సంతకం పెట్టాలా, వద్దా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. వయసు నలభైకి దగ్గర. దేశమంతటా జరిగే ఒక ప్రభుత్వ సర్వేలో సూపర్‌వైజర్. ఆఫీసు పేరు, సర్వే పేరు ఆమె రాయలేదు. మనిషిని గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని నేనూ తీసేశాను.

ఆమె కింద పనిచేసే ఎన్యూమరేటర్లలో, అంటే ఇంటింటికీ వెళ్లి ప్రశ్నలు అడిగేవాళ్లలో, ఒకమ్మాయి కాంట్రాక్టు మీద చేరింది. డిగ్రీ అయ్యాక దొరికిన మొదటి ఉద్యోగం. భర్త క్యాబ్ నడుపుతాడు, చిన్న బాబు ఉన్నాడు. ఈసారి ఆమెకు పడిన బ్లాకులు కొండాపూర్, నల్లగండ్ల వైపువి. ఎక్కువగా గేటెడ్ కమ్యూనిటీలు. మొదట్లో రోజూ ఫోన్ చేసి "మేడమ్, సెక్యూరిటీ వాళ్లు లోపలికి పోనిస్తలేరు" అని ఏడ్చేది. కొన్నాళ్లకు ఆ ఫోన్లు ఆగిపోయాయి. షెడ్యూళ్లు, అంటే ఒక్కో ఇంటికి నింపిన ఫారాలు, మాత్రం టైముకు రావడం మొదలైంది. స్క్రూటినీలో, అంటే ఆ ఫారాల తనిఖీలో, కూర్చుంటే, గంటకు పైగా పట్టాల్సిన ఇంటర్వ్యూలు పదకొండు ఇళ్లలో పది పన్నెండు నిమిషాల్లో అయిపోయినట్టు కనిపించింది. ట్యాబ్‌లో నమోదైన లొకేషన్ ఆ అమ్మాయి ఉండే మియాపూర్‌ది. ఆ ఇళ్లలో నూనె, పాలు, పెట్రోలు ఖర్చులు అన్నీ ఒకే పోలిక.

విషయం పై అధికారికి చెప్పారు. ఆయన వచ్చే ఏడాది రిటైర్ అవుతారు. ఈమెకు పని నేర్పిన మనిషి, తండ్రిలాంటివారు. "ఇప్పుడెందుకమ్మా తవ్వడం? ఇళ్లు దొరకలేదని రాస్తే నాన్ రెస్పాన్స్ పెరిగిందని పైనుంచి వివరణ అడుగుతారు. పాస్ చేసేయ్" అన్నారట. ఇంట్లో భర్త మాట ఇంకోలా ఉంది: "2019లో జాతీయ గణాంక కమిషన్ మెంబర్లే రాజీనామా చేసి వెళ్లిపోయారు. అంతటివాళ్లు మార్చలేనిది నువ్వు మారుస్తావా? మనకు ఫ్లాట్ లోన్ ఉంది." ఆమె రాసిన చివరి మాటలివి: "ఆ అమ్మాయిని ఇంకా అడగలేదు. అడిగితే ఒప్పుకుంటుందేమోనని భయం. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. రిపోర్ట్ చేస్తే ఒక కుటుంబం రోడ్డున పడుతుంది, సర్‌కు ద్రోహం చేసినదాన్నవుతాను. చేయకపోతే నా సంతకం అబద్ధం అవుతుంది. ఏం చేయను?"

మీ ఉత్తరంలో నేను చాలాసేపు ఆగిపోయింది "ఒప్పుకుంటుందేమోనని భయం" అన్న మాట దగ్గర. ఒప్పుకుంటే మీకు తెలిసిపోయినట్టే. అనుమానంతో సంతకం పెట్టడం వేరు, తెలిసి పెట్టడం వేరు. ఆ రెంటి మధ్యా నిలబడి ఉండటం వల్లే మీకు నిద్ర పట్టడం లేదనుకుంటున్నాను. ఎవరికి రిపోర్ట్ చేయాలి, ఏమని చేయాలి అన్నవి ఆ తర్వాతి సంగతులు.

అందుకే మొదట అడగండి. అడిగేది తప్పు రుజువు చేయడానికని ముందే అనుకోకండి. టైము తక్కువుంది, లొకేషన్ ఇంటిది ఉంది అన్నంత మాత్రాన ఫారం దొంగదని తేల్చలేం. గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడే ఇళ్లలో ట్యాబ్ తీసి ఒక్కో ప్రశ్నా నొక్కుతూ కూర్చుంటే అవతలివాళ్లకు విసుగొస్తుంది. కొందరు ఎన్యూమరేటర్లు నోట్‌బుక్‌లో గబగబా రాసుకుని, రాత్రి ఇంటికెళ్లి ట్యాబ్‌లో ఎక్కిస్తారు. పద్ధతి ప్రకారం అది తప్పే, కానీ ఆ వివరాలు నిజమైనవే. ఆఫీసులో, నలుగురి ముందు వద్దు. ఎక్కడైనా టీ తాగుతూ, "ఆ ఇళ్లకు వెళ్లినప్పుడు రాసుకున్న నోట్‌బుక్ ఒకసారి చూపిస్తావా?" అని అడగండి. నోట్‌బుక్ ఉంటే సగం భారం దిగిపోతుంది. లేకపోతే ఆ అమ్మాయే చెప్పేస్తుంది. ఖర్చులన్నీ ఒకే పోలికగా ఉన్నాయన్న మీ మాట చూస్తే, చెప్పేస్తుందనే నాకనిపిస్తోంది. దానికి సిద్ధపడి వెళ్లండి.

ఇక ఆ పదకొండు ఇళ్ల గురించి. మీ సర్ దృష్టిలో అవి చిన్న సంఖ్య. మీకు లోపల్లోపల అలా అనిపించడం లేదు, మీరే సరి. 2022-23లో జరిగిన గృహ వినియోగ వ్యయ సర్వేనే తీసుకోండి. దేశం మొత్తానికి అందులో అడిగింది 2,61,746 కుటుంబాలను. అంటే ఒక్కో ఇల్లు సగటున వెయ్యికి పైగా ఇళ్ల తరఫున మాట్లాడుతోంది. పదకొండు దొంగ ఇళ్లంటే పది వేలకు పైగా కుటుంబాల గొంతు నొక్కి, ఆ చోట మియాపూర్‌లో కూర్చున్న ఒకమ్మాయి ఊహను పెట్టడం. అదీ ఎలాంటి ఇళ్లు? ఆ సర్వేలో పట్టణాల్లో కారు ఉందా, దాని ధర పది లక్షలు దాటిందా అని చూసి ఇళ్లను విడివిడి పొరలుగా తీసుకున్నారు. ఉన్నవాళ్ల ఇళ్లు లెక్కలోంచి జారిపోతాయన్న సంగతి తెలిసే అంత జాగ్రత్త పడ్డారు. మీ ఎన్యూమరేటర్‌ను గేటు దగ్గర ఆపేసినవి సరిగ్గా అలాంటి ఇళ్లే. ఎన్నడూ లోపల అడుగుపెట్టని ఇంటి ఖర్చు ఊహించమంటే ఎవరైనా తమ ఇంటి ఖర్చుకు కాస్త కలిపి రాస్తారు. అలా ఉన్నవాళ్లకూ లేనివాళ్లకూ మధ్య తేడా కాగితం మీద తగ్గిపోతుంది, నగరంలో మాత్రం అలాగే ఉంటుంది.

కుటుంబాల ఖర్చుల సర్వేల నుంచే వినియోగదారుల ధరల సూచీలో బియ్యానికి ఎంత వాటా, అద్దెకు ఎంత, వైద్యానికి ఎంత అన్నది తేలుస్తారు. 2012 ఆధార సంవత్సరంగా నడిచిన సూచీకి 2011-12 సర్వేయే ఆధారం. వినియోగదారుల ధరల సూచీలో ద్రవ్యోల్బణాన్ని 4 శాతం దగ్గర ఉంచాలన్నది రిజర్వ్ బ్యాంకు లక్ష్యం. దాన్ని చూసే రెపో రేటు, అంటే బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద వడ్డీ, పెంచుతారు, తగ్గిస్తారు. ఫ్లోటింగ్ రేటు ఇంటి లోన్ల వడ్డీ ఆ రేటుతో పాటు కదులుతుంది. మీ ఎన్యూమరేటర్‌ను వెనక్కి పంపిన ఆ టవర్లలోని వాళ్లు ప్రతి నెలా కట్టే ఈఎంఐకి, వాళ్లు చెప్పకుండా వదిలేసిన ఆ జవాబులకు లంకె ఉంది. మీ ఫ్లాట్ లోన్‌కు కూడా. మీవారికి ఈ సంగతి చెప్పి చూడండి.

మీవారు చెప్పిన 2019 ఉదాహరణ గురించి కొంచెం వివరంగా మాట్లాడాలి. ఆయన దాన్ని సగమే చూశారు. 2000లో ప్రభుత్వం సి. రంగరాజన్ అధ్యక్షతన ఒక కమిషన్ వేసింది. అప్పుడాయన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గవర్నర్, ఉండేది సోమాజిగూడ రాజ్‌భవన్‌లో. దేశ గణాంక వ్యవస్థను పర్యవేక్షించడానికి ఒక శాశ్వత కమిషన్ ఉండాలని, దానికి చట్టం అండ ఉండాలని 2001లో ఆ కమిషన్ సిఫార్సు చేసింది. 2006లో జాతీయ గణాంక కమిషన్ పని మొదలుపెట్టింది, కానీ ప్రభుత్వ తీర్మానంతోనే వచ్చింది, చట్టం రాలేదు. 2019 జనవరిలో పి.సి. మోహనన్, జె.వి. మీనాక్షి దాని నుంచి తప్పుకున్నారు. కమిషన్ ఆమోదించిన ఉద్యోగాల సర్వే నివేదికను బయటికి విడుదల చేయకపోవడం వాళ్లు చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ నివేదిక అదే ఏడాది మే నెలాఖరులో వచ్చింది. 2017-18లో నిరుద్యోగం 6.1 శాతం అని అందులో ఉంది.

మీవారు దీన్నుంచి "పెద్దవాళ్లకే చేతకాలేదు" అన్న పాఠం తీసుకున్నారు. నాకు కనిపించేది వేరే. ఆ ఇద్దరి చేతిలో ఆమోదించే అధికారం ఉంది, విడుదల చేయించే అధికారం లేదు. అయినా వాళ్ల ముందున్న అంకెలు నిజమైనవి. ఎక్కడో ఎవరో ఎండలో తిరిగి తలుపు తట్టి అడిగినవి. అందుకే ఆలస్యమైనా బయటికొచ్చాక వాటికి విలువ ఉంది. అసలు తలుపే తట్టకపోతే కమిషన్ ఏం చేయగలదు? ఢిల్లీలో ఎంత పెద్ద కమిటీ కూర్చున్నా, స్క్రూటినీ టేబుల్ దగ్గర పోయిన నిజాన్ని తిరిగి తేలేదు. దేశ గణాంకాలను పర్యవేక్షించడం అంటే మీరు చేసే పనే. ఇంకా చెప్పాలంటే, షెడ్యూల్‌ను ఆపే అధికారం ఆ ఇద్దరు సభ్యులకు లేదు, మీకుంది. "నువ్వెంత" అన్న మాటకు ఇది నా జవాబు.

అలాగని నిజం వైపు నిలబడితే అంతా మంచే జరుగుతుందని మీకు మాట ఇవ్వలేను. గ్రీసులో ఆండ్రియాస్ జార్జియూ అనే ఆయన 2010లో గణాంక సంస్థ అధిపతిగా వచ్చి, 2009 బడ్జెట్ లోటు అంతకుముందు చెప్పినదానికంటే ఎక్కువని, జీడీపీలో 15.4 శాతమని లెక్క సరిచేశారు. యూరోపియన్ యూనియన్ గణాంక సంస్థ ఆ లెక్క సరైనదే అంది. అయినా స్వదేశంలో ఆయన ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాల్సి వచ్చింది. మీ సమస్య అంత పెద్దది కాదు, మీకొచ్చే నష్టం కూడా అంత ఉండదు. కానీ కొంత ఉంటుంది. అది తెలిసే అడుగు వేయండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు చూద్దాం. సర్ చెప్పినట్టు పాస్ చేసేయడం ఒకటి. వచ్చే వారానికి టెన్షన్ తగ్గుతుంది. కానీ ఇంటర్వ్యూకు పట్టిన టైము, లొకేషన్ సర్వర్‌లో ఉండిపోతాయి, వాటి పక్కన పాస్ చేసిన మీ లాగిన్ ఉంటుంది. ఎప్పుడైనా క్వాలిటీ చెక్ జరిగితే సర్ రిటైరై ఇంట్లో ఉంటారు, జవాబు మీరు చెప్పుకోవాలి. అంతకంటే ముందు జరిగేది ఇంకొకటుంది. మీ టీమ్‌లో మిగతావాళ్లకు ఈ సంగతి తెలియకుండా ఉండదు. ఎండలో నాలుగోసారి అదే గేటు దగ్గరికి వెళ్లిన అబ్బాయి తాను తెలివితక్కువవాడినని అనుకుంటాడు. వచ్చే రౌండ్‌లో దొంగ ఇళ్లు ఎన్నుంటాయో మీకే తెలియదు.

సర్‌ను దాటి నేరుగా పైకి ఫిర్యాదు రాయడం ఇంకో దారి. మీ చేయి శుభ్రంగా ఉంటుంది, అది చిన్న విషయం కాదు. అయితే ఆ అమ్మాయి కాంట్రాక్టు పోతుంది, మీకూ సర్‌కూ మధ్య మాటలుండవు. మిగతా ఎన్యూమరేటర్లు నేర్చుకునే పాఠం ఏమిటో కూడా ఆలోచించండి. "అబద్ధం రాయకూడదు" అని కొందరు నేర్చుకుంటారు. "ట్యాబ్ ఆన్ చేసి ఆ అపార్ట్‌మెంట్ బయట గంటసేపు కూర్చోవాలి" అని మరికొందరు నేర్చుకుంటారు. పైగా ఆ పదకొండు ఇళ్ల నిజమైన లెక్క ఈ ఫిర్యాదుతో రాదు. ఎంక్వైరీ నడుస్తుంది, గడువు దాటిపోతుంది.

సెలవు పెట్టి ఇంకొకరి మీదికి నెట్టేయడం, ట్రాన్స్‌ఫర్ అడగడం కూడా దారులే. మీ ఉత్తరం చూస్తే అలా చేసి మీరు ప్రశాంతంగా ఉండగల మనిషి కాదనిపించింది. వాటిని వదిలేస్తున్నాను.

నాకు ఎక్కువ మొగ్గున్నది మొదట డేటాను సరిచేసే దారి వైపు. మనిషిని ఏం చేయాలన్నది తర్వాత. ఆ పదకొండు షెడ్యూళ్లనూ ఆపండి. తిరిగి ఆ ఇళ్లకు వెళ్లాలి, ఆ అమ్మాయితో పాటు మీరూ వెళ్లాలి. ఇలా రెండోసారి వెళ్లడం ఆమెకు అవమానం అనుకోకండి. మన దేశంలో శాంపిల్ సర్వేలకు పునాది వేసిన మహలనోబిస్ బెంగాల్‌లో జనపనార పంట లెక్కించినప్పుడే ఒకే ప్రాంతాన్ని రెండు వేర్వేరు బృందాలతో విడివిడిగా లెక్కించి, రెంటికీ తేడా ఎంతో చూసేవారు. సర్వేలో పొరపాటు ఉంటుందని ఒప్పుకుని, దాన్ని పట్టే ఏర్పాటు మొదటి నుంచీ పెట్టుకున్నారు. రీవిజిట్ ఎందుకు చేస్తున్నారో రికార్డులో ఉన్నదున్నట్టు రాయండి: ఇంటర్వ్యూ సమయం, లొకేషన్ నమ్మదగినట్టు లేవు కాబట్టి మళ్లీ అడిగాం అని. ఆ వాక్యంలో అబద్ధం లేదు, దాచడమూ లేదు.

ఈ దారికీ ఖర్చుంది. గడువు తప్పవచ్చు. ఎవరైనా సూటిగా "ఆమె కల్పించి రాసిందా?" అని అడిగితే మీరు అవునని చెప్పాల్సిందే, అప్పుడు ఆ అమ్మాయిని కాపాడలేరు. మీ నిబంధనల్లో ఇలాంటివి తప్పనిసరిగా రిపోర్ట్ చేయాలని ఉంటే దాన్ని పక్కన పెట్టమని నేను చెప్పను. ముందే ఆ సర్క్యులర్ తీసి చదువుకోండి. ఇంతకుముందు రౌండ్లలో కూడా ఆమె ఇలాగే చేసిందని తేలితే మాత్రం ఇది మీరొక్కరే మోసే విషయం కాదు. అప్పుడు రాతపూర్వకంగా పైకి వెళ్లాల్సిందే.

గేటు సమస్యకు కొన్ని ఉపాయాలు పనిచేస్తాయి. సెక్యూరిటీ గార్డుతో వాదిస్తే లాభం లేదు, అతనికి లోపలికి పంపే అధికారం లేదు. ఆఫీసు లెటర్‌హెడ్ మీద అసోసియేషన్ ప్రెసిడెంట్ పేరుకు ఉత్తరం తీసుకెళ్లి, వాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక మెసేజ్ పెట్టించండి. సైబర్ మోసాలతో జనం భయపడి ఉన్నారు. "ఓటీపీ అడగం, బ్యాంకు అకౌంట్ నంబరు అడగం" అన్న మాట ఆ మెసేజ్‌లో మొదటి వాక్యంగా ఉండాలి. 2008 నాటి గణాంకాల సేకరణ చట్టం కింద సేకరించే వివరాలను గణాంకాల అవసరానికే వాడాలని, ఎవరి వివరాలనూ వాళ్ల పేరుతో బయటపెట్టకూడదని చెప్పండి. ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకు వెళ్తుందేమోనన్న అనుమానం చాలామందికి ఉంటుంది. ఐటీ ఉద్యోగులున్న ఇళ్లకు వారం మధ్యలో పగలు వెళ్తే తాళమే కనిపిస్తుంది, ఆదివారం పొద్దున వెళ్లండి. ఇవన్నీ ఒక కాంట్రాక్టు ఉద్యోగి ఒంటరిగా చేయగలిగేవి కావు, ఆఫీసు చేయాల్సినవి. ఆ అమ్మాయి ఏడుస్తూ ఫోన్ చేసిన రోజుల్లో ఆమెకు కావాల్సింది ఈ ఉత్తరమూ, పక్కన ఒక ఆఫీసరూ. ఇది మిమ్మల్ని తప్పుపట్టడానికి అనడం లేదు. ఆమెతో మాట్లాడేటప్పుడు ఇది మనసులో ఉంటే మీ గొంతు వేరుగా ఉంటుంది.

ఇన్ని చేసినా కొన్ని ఇళ్లు తలుపు తీయవు. వాటిని దొరకలేదనే రాయండి. మీ నిబంధనలు బదులు ఇల్లు తీసుకోవచ్చంటే, నిబంధన చెప్పిన పద్ధతిలోనే తీసుకోండి. మీ సర్ ఎక్కువ భయపడేది ఇక్కడే, అందుకే ఆయనతో మాట ఇక్కడి నుంచే మొదలుపెట్టాలి. "సర్, మీరు నాకు స్క్రూటినీ నేర్పారు. ఈ పదకొండూ నాకు మింగుడుపడటం లేదు. వారం టైమివ్వండి, నేనే ఫీల్డ్‌కు వెళ్తాను. దొరకనివాటికి వివరణ నేను రాసి మీకిస్తాను" అనండి. నాన్ రెస్పాన్స్ కూడా డేటాయేనని ఆయనకు తెలియదనుకోను. ఫలానా ప్రాంతంలో ఇన్ని ఇళ్లు తలుపు తీయలేదని తెలిస్తే పైన కూర్చున్న నిపుణులు వెయిట్లు, అంటే ఒక్కో ఇల్లు ఎన్ని ఇళ్ల తరఫున అన్న లెక్క, సర్దుబాటు చేసుకోగలరు, వచ్చే సర్వేకు పద్ధతి మార్చుకోగలరు. నిండుగా కనిపించే దొంగ షెడ్యూల్‌ను సర్దుబాటు చేసే సూత్రం ఎవరి దగ్గరా లేదు. గణాంకాలను ఎలా సేకరించారో, ఏ పద్ధతులు వాడారో దాచకుండా చెప్పాలన్నది ఐక్యరాజ్యసమితి అధికారిక గణాంకాల మౌలిక సూత్రాల్లో ఒకటి. ఆ సూత్రాలను మన దేశం 2016లో ఆమోదించింది. పైనుంచి వివరణ అడిగితే ఇచ్చే జవాబుకు ఆ మాట అండగా ఉంటుంది.

ఆయన ఒప్పుకుంటే మీకు సగం పని అయినట్టే. ముభావంగా "నీ ఇష్టం" అంటే దాన్ని అనుమతిగానే తీసుకుని, మాట్లాడుకున్నది రెండు వాక్యాల్లో మెయిల్ పెట్టండి. కొన్ని వారాలు ఆయన మీతో పొడిపొడిగా మాట్లాడవచ్చు. రిటైర్మెంట్ ముందు ఏ గొడవా వద్దనుకోవడం మనుషులకు సహజం. ఆయన మీద మీకున్న గౌరవాన్ని దానికోసం చంపుకోనక్కర్లేదు.

ఆయన ఒప్పుకోకుండా, ఆ షెడ్యూళ్లను మీ నుంచి తీసి ఇంకొకరి చేత పాస్ చేయిస్తే మాత్రం పరిస్థితి మారుతుంది. అప్పుడు మీకు తెలిసినదాన్ని, ఏ షెడ్యూల్, ఎంత టైము, ఏ లొకేషన్ అన్నంతవరకే, ఎవరి మీదా వ్యాఖ్య లేకుండా, సర్ పై అధికారికి రాయండి. కాపీ సర్‌కు కూడా పెట్టండి. ఆ ఉత్తరం పంపే ముందు రోజు రాత్రి మీవారికి చదివి వినిపించండి. లోన్ ఆయన కూడా కడుతున్నారు కాబట్టి ఆ మాట ఆయనకు బయటినుంచి తెలియకూడదు.

ఆ అమ్మాయికి ఈలోగా కొత్త బ్లాకులు ఇవ్వకండి. ఆదివారం తీసుకెళ్లేటప్పుడు ప్రశ్నలు ఆమె చేతే అడిగించండి, మీరు పక్కన కూర్చోండి. ఒక పెద్ద ఫ్లాట్‌లో హాల్లో కూర్చుని నిజమైన జవాబులు రాసుకున్నాక కూడా ఆమెకు ఈ పని మీద ఇష్టం కలగకపోతే, వేరే ఉద్యోగం వెతుక్కోవడానికి మీరు తెలిసినవాళ్లకు చెప్పి సాయం చేయవచ్చు. కలిగితే, వచ్చే రౌండ్‌లో గేట్ల దగ్గర ఏం చేయాలో మిగతావాళ్లకు చెప్పే పని ఆమెకే అప్పగించండి.